అన్నం దాచిన ఇల్లు

బెంగళూరు వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా స్టాఫ్‌రూములో అందరివీ ఒకే రకం ప్రశ్నలు. లాల్‌బాగ్ చూశారా, పట్టుచీర తెచ్చారా, అక్కడ పగలు కూడా స్వెట్టర్లు వేసుకుంటారట నిజమేనా అని. లాల్‌బాగ్ గేటు ఆటోలోంచి చూశాను. చీర తేలేదు. స్వెట్టర్ల మాట నిజం. అసలు చూసి వచ్చింది నోటితో చెబితే నవ్వుతారని రాసి పెడుతున్నాను. దసరా సెలవుల్లో ఓ వారం అక్కడుండి, గాజు పలక మీద దయ్యాలను చూసి వచ్చాను. అవి నా ఒంట్లోంచి తీసినవే.

నాది రాజమండ్రి. హైస్కూల్లో హిందీ చెబుతాను. అమ్మ పుట్టిల్లు మాత్రం బెంగళూరులోని కాటన్‌పేట. తాతల కాలం నుంచి అక్కడే వ్యాపారం చేసుకుంటున్న తెలుగువాళ్లు. అమ్మ తమ్ముడు నారాయణప్ప మామకు బళేపేటలో గాజుల కొట్టుంది. ఆయన కొడుక్కే మా చెల్లెలు సుభద్రనిచ్చాం. మేనరికం, పిల్ల ఎక్కడికీ పోదు, మన ఇంట్లోనే ఉంటుందని అప్పట్లో అమ్మ ఎంత మురిసిపోయిందో.

సుభద్రకు పుట్టిన ఇద్దరు మగపిల్లలూ ఏడాది నిండకుండానే పోయారు. మూడోది ఆడపిల్ల, ఇప్పుడు తొమ్మిదో నెల. "పాపకు రక్తం పడుతున్నట్టు లేదు, పెద్దాస్పత్రిలో రక్తం డాక్టరుకు చూపించమన్నారక్కా. ఇంట్లో ఒప్పుకోవడం లేదు. నువ్వొచ్చి చెప్పాలి" అని ఫోను చేసింది. ఆ ఇంట్లో నా మాట వినేవాళ్లు లేరని దానికీ తెలుసు. అయినా నన్నే పిలిచింది.

రైల్లో

కాట్పాడిలో ఒకామె ఎక్కింది. చిత్తూరు జిల్లా మనిషి, పేరు రెడ్డెమ్మ. మొగుడు బెంగళూరులో అపార్ట్‌మెంట్లు కట్టేచోట సెంట్రింగ్ పని, తను ఇటుకలు మోసే పని. చంకలో ఏడు నెలల పిల్ల. సీట్లో కూర్చోకముందే నా పేరు, ఊరు, ఉద్యోగం, నాకు పిల్లలెందుకు లేరు అన్నీ కనుక్కుంది. మా గోదావరి వైపు ఇన్ని ప్రశ్నలు అడగడానికి రెండు స్టేషన్లయినా పడుతుంది.

స్టీలు డబ్బా తీసి చద్దన్నం పిసికి పిల్లకు పెడుతూ, ఉన్నట్టుండి డబ్బా నా ఒళ్లో పెట్టింది.

"పట్టుకోమ్మా, రెండు ముద్దలు పెట్టు. నేను బాటిల్లో నీళ్లు పట్టుకోనొస్తా."

పిల్ల నోరు తెరిచి నా వైపే చూస్తోంది. నా చెయ్యి డబ్బా దాకా వెళ్లి ఆగిపోయింది. రెడ్డెమ్మ తిరిగొచ్చేదాకా అలాగే కూర్చున్నాను. "అన్నము ముట్టవా తల్లీ? మేమేమీ తక్కువోళ్లము కాదులే" అని ఆమె నొచ్చుకుంది. కులం సంగతి కాదమ్మా అని ఎలా చెప్పను? చెబితే పిల్లను లాక్కుని వేరే పెట్టెలోకి పోయేది.

మా రెండు ఇళ్లలోనూ పిల్లలకు మొదటి అన్నం మేనమామ చేత్తో పెట్టిస్తారు. మాకు అన్నదమ్ములు లేరు. మేనమామ చెయ్యి బదులు పెద్దమ్మ చెయ్యి అన్నారు. సుభద్ర మొదటి కొడుక్కి ఆరో నెలలో నేనే పెట్టాను. పదిరోజులు తిరక్కుండా వాడి చేతివేళ్లు, కాలివేళ్లు ఉబ్బి, ముట్టుకుంటే గుక్కపెట్టి ఏడ్చాడు. అది తగ్గింది. తర్వాత ఒకరోజు పొద్దున బాగా ఆడుకున్న పిల్లాడు సాయంత్రానికి పాలిపోయి, పొట్ట ఉబ్బి, పోయాడు. రెండోవాడికీ నేనే పెట్టాను. వాడికీ వేళ్లు ఉబ్బాయి. వాడూ అలాగే పోయాడు.

కాటన్‌పేటలో నా కుడిచేతికి ఒక పేరుంది. నా ఎదుట ఎవరూ అనరు.

కాటన్‌పేట

తెలియనివాళ్లకు చెప్పాలంటే కాటన్‌పేట మన ఊళ్ల పెద్దబజారు లాంటిదే, కాకపోతే ఇంకా ఇరుకు. బస్తాలు దించే బండ్ల మధ్య నుంచి ఒంటిని పక్కకు తిప్పుకుని నడవాలి. ఊదొత్తులు, తమలపాకులు, కొత్త గోనెసంచుల వాసన. ఆటో అతను కన్నడంలో మొదలుపెట్టి, నా మొహం చూసి తమిళంలోకి, నా కోపం చూసి తెలుగులోకి వచ్చాడు.

మామ ఇల్లు ముందు సన్నగా కనిపించి లోపలికి పోతూనే ఉంటుంది. గది వెనక గది, పగలు కూడా లైటు వెయ్యాల్సిందే. కమలమ్మత్త నీళ్లచెంబుతో గుమ్మంలో నిలబడింది.

"రామ్మా. ప్రయాణము బాగా ఆయెనా? కాళ్లు కడుక్కో. చేతులు గూడ. నోరు గూడ పుక్కిలించు."

"రైల్లో ఏమీ తినలేదత్తా."

"తినకపోయినా సరే. పుక్కిలించేసి రా."

లోపల సుభద్ర ఒళ్లో పాప. పేరు శ్రావణి. ఎవరూ అలా పిలవరు. ఇద్దరు పోయాక పుట్టింది కదా, పుట్టిన వారానికే తిని పారేసిన పుల్లి విస్తరాకుల మీద దొర్లించి పుల్లమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. ఎంగిలాకు మీది పిల్లను చావు కూడా ఎత్తుకుపోదని నమ్మకం. ఈ ఆచారం మా వైపూ ఉంది కాబట్టి దానికి నేనేమీ అనలేదు. పిల్ల మాత్రం మైనం ముద్దలా తెల్లగా ఉంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఏడవలేదు, నవ్వలేదు, నా నోటి వంకే చూసింది.

"ఎత్తుకో అక్కా" అంది సుభద్ర.

"ఎడమచేత్తో ఎత్తుకో అమ్మణ్ణీ, నీకు అదే సులభము" అంది అత్త వెనకనుంచి.

భోజనాల వేళ అసలు సంగతి తెలిసింది. అత్త పాపను చివరి గదిలోకి తీసుకుపోయి లోపల కూర్చుంది, సుభద్ర బయట గడియ పెట్టింది. పైన డాబా మీద రేకుల షెడ్డులోంచి మా మరిది అన్నం గిన్నెను గుడ్డలో చుట్టి దించుకొచ్చాడు. వంటింట్లో అన్నం వండరట. బియ్యం డబ్బా కూడా కొట్లోనే ఉందట. మామ, మరిది, నేను గోడ వైపు తిరిగి కూర్చుని తిన్నాం. ఎవరూ మాట్లాడలేదు. ఎవరి కంచమూ చప్పుడు కాలేదు. ఆ పులుసులో బెల్లం వేశారు, ఇక్కడ అన్నిట్లోనూ వేస్తారు, ఇంకోరోజైతే దాని మీద ఒక మాట అనేదాన్ని. ఆ రోజు మింగడమే కష్టమైంది. తిన్నాక అందరం చేతులు సబ్బుతో కడిగి, నేల తుడిచి, కిటికీ తెరిచి వాసన పోయేదాకా ఆగాం. అప్పుడు గడియ తీశారు.

"పాపకు అన్నం పెట్టలేదా?" అన్నాను.

"పాలే" అంది సుభద్ర నేల చూస్తూ. "అన్నం వాసన తెలిస్తే అడుగుతుందని."

గూట్లో రెండు వెండి గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఆ రెండూ నేను తెచ్చినవే, ఒక్కొక్క అన్నప్రాశనకూ ఒకటి.

బళేపేట

మర్నాడు మామతో కొట్టుకు వెళ్లాను. బళేపేటలో గాజుల వీధి చూసి తీరాలి. దుకాణాల ముందు కడ్డీలకు గాజుల తోరణాలు, వెనక ఇనుపసామాన్ల కొట్లలోంచి సుత్తి దెబ్బలు. మట్టిగాజులు డజను పన్నెండు రూపాయలే. మా ఊళ్లో ఇరవైకి తక్కువ ఇవ్వరు. బేరమాడబోతే నా చెప్పు తెగింది. ఆ బజారంతా ఒక చెప్పు చేత్తో పట్టుకుని నడిచాను. హిందీ టీచరు పరువు అక్కడితో సరి.

మామ కాఫీ చెప్పాడు. ఇక్కడ ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పంచి 'బై టూ' అంటారు. ఎంత డబ్బున్నవాళ్లైనా అలాగే తాగుతారు, సిగ్గుపడరు. నాకు నచ్చింది.

"మామా, పాపను రక్తం డాక్టరుకు చూపిద్దాం" అన్నాను.

"రక్తము చూసినారు అమ్మణ్ణీ. నెల బిడ్డగా ఉండంగానే నర్సింగ్ హోములో చూసినారు. గలీజేమీ లేదు, చక్కగా ఉండాది అన్నారు. రక్తములో లేదంటే యాడుండాది? అన్నములోనే ఉండాది."

"అన్నంలో ఏముంటుంది మామా?"

ఆయన స్వెట్టర్ సర్దుకున్నాడు. మామ కళ్లలో తెలుపు ఎప్పుడూ కొంచెం పసుపుగా ఉంటుంది, వేడి శరీరం అంటారు ఇంట్లో.

"మీ యమ్మ తరువాత మా యమ్మకు నలుగురు పుట్టి పోయినారు. అందరూ పాలు మాని అన్నము ముట్టిన కాలములోనే. నేను పుడితే మా యమ్మ మొక్కుకొనింది. నడిచి, మాటలొచ్చి, నా అంతట నేను అడిగేదాకా అన్నము పెట్టనని. మూడో ఏడు దాకా మెతుకు ముట్టలేదు. చూడు, అరవై దాటినా. ఆస్పత్రి మెట్లెక్కినోణ్ని కాదు. ఇంకేమి సాక్ష్యము కావాలప్పా?"

ఎదురుగా గ్లాసు పట్టుకుని కూర్చున్న సాక్ష్యంతో నేనేం వాదించను? నాకూ ఒక్క క్షణం అదే నిజమేమో అనిపించింది. అన్నం కాకపోతే మిగిలేది నా చెయ్యే కదా.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మామను పెంచిన మునెమ్మ అనే ముసలామె అత్తిబెలెలో ఉంది. ముందు పాపను ఆమెకు చూపించాలి. తర్వాత డాక్టరు.

అత్తిబెలె

అత్తిబెలె తమిళనాడు సరిహద్దు. చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆగి ఉంటాయి, డ్రైవర్లు కింద స్టవ్వులు పెట్టి వండుకుంటుంటారు. ఏ లారీ పక్కనుంచి పోయినా ఉడుకుతున్న అన్నం వాసన. అద్దె కారులో అత్త పాప ముక్కుకు కొంగు అడ్డం పెట్టి కూర్చుంది. పాప కొంగు పక్కకు లాగి చూస్తూనే ఉంది.

ఫ్యాక్టరీ గోడ వెనక సందులో మునెమ్మ ఇల్లు. ఆమెకు చూపు పోయింది. తొంభై ఉంటాయేమో, మంచం మీద ముడుచుకుని పడుకుంటే పిల్లంత ఉంది. మామ గొంతు వినగానే లేచి కూర్చుంది.

"నారాయణా, వచ్చినావా అప్పా? ఊట అయిందా, అన్నము తింటివా?"

పాపను ఆమె ఒళ్లో పెట్టారు. ముసలామె మాడు వాసన చూసింది. పాదాలు, అరచేతులు ఒక్కొక్క వేలూ ఒత్తి చూసింది. మళ్లీ మాడు వాసన చూసింది. అంతసేపూ పాప కదల్లేదు.

"దీనికింకా అమ్మ కడుపు వాసన పోలేదు" అంది. "కొందరు బిడ్డలకు బిరీన పోతాది. వాళ్లు నిలవరు. నారాయణకు పోనే లేదు. ఇప్పుడు గూడ ఉండాది, రా, దగ్గరికి రా" అని మామ తల వంచి వాసన చూసి నవ్వింది.

గుడ్డి ముసలామె, అరవై దాటిన మనిషి తల వాసన చూసి కడుపు వాసన ఉందంటోంది. నేను గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను.

అత్త అసలు అడగాలనుకున్నది అడిగింది. "మునెమ్మా, ఈయనకు అన్నము ముట్టించకుండా మూడేండ్లు ఎట్ల సాకినారు? సల్ప వివరముగా చెప్పు. ఈ బిడ్డనూ అట్లే సాకుతా ఉండాము."

ముసలామె పళ్లు లేని నోరు తెరిచి పెద్దగా నవ్వింది.

"అన్నము లేకుండా బిడ్డ యాడ బతుకుతాదమ్మా? వాళ్లమ్మ గుడికి పోతానే చద్దన్నము పిసికి వేలితో నాకిస్తాంటి. ఆరు నెల్లప్పుడే. రోజూ. పాపము, ఆకలితో నా కొంగు చీకుతాండె. మొక్కు సంగతి దేవుడు నన్ను అడగనీలే అనుకొంటి. ఆయమ్మకు చెప్పలేదు. పోయింది గదా, ఇంకేమి."

కమలమ్మత్త మొహం పాప మొహంలాగే తెల్లబోయింది. మామ మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు. కారులో తిరిగొస్తూ చెక్‌పోస్టు దాటేటప్పుడు అత్త కొంగు అడ్డం పెట్టలేదు. ఇంటి దగ్గర దిగుతూ మామ అన్నాడు.

"రేపు ఆస్పత్రికి పోదాము. నేనూ రక్తమిస్తా."

గాజు పలకలు

డాక్టరమ్మ కన్నడం మనిషి, ముక్కు మీదికి జారే కళ్లజోడు. ఇద్దరు పిల్లల కథా విని, వేళ్లు వాచాయన్న చోట ఆపి మళ్లీ అడిగింది. మేనరికమా అని అడిగింది. పాప రక్తం తీసి, ఇంట్లోవాళ్లందరివీ కావాలంది. నా వేలు కూడా పొడిచింది. నాకెందుకన్నాను. "మీరూ అదే అమ్మ కూతురు గదా?" అంది.

నా రక్తం చుక్కను గాజు పలక మీద వేసి, పైన ఒక మందు చుక్క వేసి, సన్నటి గాజుముక్కతో కప్పి, అంచుల చుట్టూ గోళ్లరంగు పూసేసింది. గాలి తగలకూడదట. ఆ మందు లోపలున్న గాలిని కూడా లాగేస్తుందట. కాసేపయ్యాక మైక్రోస్కోపులో చూడమంది.

గుండ్రంగా, మధ్యలో కాస్త నొక్కినట్టున్న బిళ్లలు, చెక్కవడల్లాంటివి, పక్కపక్కనే ఉన్నాయి. చూస్తుండగా ఒకదాని అంచు ముడత పడింది. సాగింది. కొస తేలింది. పక్కదానికి కూడా. ఊపిరాడనివాళ్లు మెలికలు తిరిగినట్టు ఒకదాని తర్వాత ఒకటి వంగి, కొడవళ్లయిపోయాయి. అవి చచ్చినవి కావు. ఇందాకటిదాకా నా వేలిలో తిరిగినవే. కళ్లు పక్కకు తిప్పుకుందామన్నా తిప్పుకోలేకపోయాను.

"భయపడకండి. మీకు సగమే. క్యారియర్ అంటాము. మీ ఒంట్లో ఇట్ల కావు, నేను గాలి ఆపినాను గాబట్టి అయినాయి. మీకేమీ కాదు" అంది డాక్టరమ్మ. "మీ చెల్లెలికీ సగమే, ఆమె గండనికీ, అంటే భర్తకూ, సగమే. ఇద్దరి దగ్గర్నుంచీ వచ్చిన బిడ్డకు పూర్తిగా వస్తుంది. సికిల్ సెల్. ఎక్కువగా అడవి ప్రాంతాల జనంలో చూస్తాము. ఊళ్లోవాళ్లలో గూడ అక్కడక్కడ ఉంటుంది, ఎవరూ వెతకరు."

"మరి నెల పిల్లప్పుడు చూసి బాగుందన్నారే?" అంది సుభద్ర.

"అప్పుడు బాగానే కనిపిస్తుందమ్మా. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది. ఫీటల్ హిమోగ్లోబిన్. అది ఉన్న కణము కొడవలి కాదు. పుట్టినాక నెలనెలా అది పోతా, పెద్దవాళ్లది వస్తుంది. మీ పిల్లలకు ఆ వచ్చేదే తప్పుది. కడుపు నాటిది కాపలా ఉన్నన్నాళ్లు ఏమీ తెలీదు. అయిదు, ఆరు నెలలకు కాపలా పల్చబడుతుంది. అప్పుడు మొదలు. మొదట వేళ్లు వాస్తాయి."

"ఆరో నెల" అన్నాను. "అన్నం పెట్టే నెల."

"అవును. అదే నెల" అందామె మామూలుగా, తర్వాతి పలక తీసుకుంటూ.

నేను నా కుడిచేతిని చూసుకున్నాను. పొడిచిన వేలికి దూది అంటుకుని ఉంది.

సాయంత్రం ఇంకో రకం పలకలు చూపించింది. రక్తాన్ని పుల్లటి నీళ్లలో ముంచి రంగు వేస్తారట. పెద్దవాళ్ల కణాల్లో ఉన్నదంతా ఆ నీళ్లలో కారిపోయి ఉత్త పెంకులు మిగులుతాయి. కడుపు నాటి హిమోగ్లోబిన్ ఉన్నవి మాత్రం కారిపోక ఎర్రగా నిలుస్తాయి. "పెంకుల్ని మేము గోస్ట్స్ అంటాము. దయ్యాలు" అంది. నా పలకలో అన్నీ దయ్యాలే. బూడిదరంగు వలయాలు, లోపల ఏమీ లేదు, వాటిలోంచి అవతలివి కనిపిస్తున్నాయి.

పాప పలకలో దయ్యాల మధ్య ఎర్రటివి చాలానే ఉన్నాయి.

మూడో పలక చూసి డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ చూసింది. మామను తన కుర్చీలో కూర్చోబెట్టింది.

"సార్, మీకు సగము కాదు. మీ మనవరాలికున్నదే మీకూ పూర్తిగా ఉన్నట్లుంది. ఇంకో టెస్టు రెండు రోజుల్లో చెప్తుంది. చిన్నప్పుడే పోవాల్సినవాళ్లు మీరు. చూడండి, ఎన్ని ఎర్రవో. మీకు కడుపు నాటిది చాలా భాగము పోలేదు. అదే కాపాడింది."

మామ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అరవై ఏండ్లు నేను నాది కాని రక్తముతో బతికినానా?"

"మీదే సార్. మీ అమ్మ కడుపులో ఉన్నప్పటిది."

"మా యమ్మ పోయి ముప్పై ఏండ్లాయెనే" అన్నాడు మామ కన్ను తీయకుండానే. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని అప్పుడు తెలిసింది. అత్తిబెలె ముసలామె నవ్వు నాకు మళ్లీ వినిపించినట్టయి, ఆ గదిలో ఒంటరిగా లేనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

"బిడ్డకూ నిలుస్తుందా?" అడిగాడు.

"ఇప్పుడే చెప్పలేము. ఇంకా తగ్గుతా ఉంటుంది. మీ అంత నిలవచ్చు, నిలవకపోవచ్చు. రెండు మూడేళ్లకు తెలుస్తుంది. పెద్దవాళ్లకు దాన్ని మళ్లీ పెంచే మందొకటి ఇస్తా ఉన్నారు, ఇంత చిన్నబిడ్డకు ఇప్పుడే వద్దు. రోజూ పెనిసిలిన్, టీకాలు, నీళ్లు బాగా. జ్వరమొస్తే ఆ క్షణమే ఇక్కడికి. రోజూ ఎడమపక్క పక్కటెముకల కింద, ప్లీహము ఉండేచోట, తడిమి చూడండి. గట్టిగా ఉబ్బితే ఆగొద్దు, పరుగెత్తుకొని రండి. మీ ముందు పిల్లలు దాంతోనే పోయి ఉంటారు. అన్నము ఈరోజే పెట్టండి. బిడ్డ ఆకలితో ఎండిపోతా ఉంది."

వస్తుంటే నన్ను పక్కకు పిలిచి ఇంకొకటి చెప్పింది. "వేళ్ల వాపు ఎప్పుడైనా రావచ్చు. అన్నము పెట్టిన మర్నాడే వచ్చినా రావచ్చు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టండి."

ముద్ద

రెండో రిపోర్టు వచ్చేదాకా అన్నం మాట ఎత్తొద్దంది అత్త. రెండు రోజులకు అది వచ్చింది. డాక్టరమ్మ అనుమానించినదే. అత్త దాన్ని దేవుడి పటం ముందు పెట్టి వచ్చింది.

"అన్నము పెట్టండి. నేను అడ్డము రాను. ఆ చెయ్యి మాత్రము వద్దు. మీ మామ పెట్టనీ."

కాటన్‌పేటలో నా చేతి గురించి నా ఎదుట అన్న మొదటి మాట అది. నిజం చెప్పాలంటే నాకు హాయిగానే అనిపించింది. డాక్టరమ్మ చెప్పింది నా చెవిలోనే ఉంది. మర్నాడే వేళ్లు వాస్తే? "అవును, మామే పెట్టనీ" అన్నాను.

సుభద్ర ఎప్పుడూ గట్టిగా మాట్లాడే పిల్ల కాదు. ఎనిమిదేళ్ల కాపురంలో దాని భాష కూడా వాళ్ల భాషే అయిపోయింది, కోపమొస్తే బయటికొస్తుంది.

"అక్కే పెట్టాల. నువ్వు పెట్టకపోతే ఆ ఇద్దరినీ నువ్వే చంపినావని నువ్వే ఒప్పుకొన్నట్లు. నేను ఒప్పుకోను. వాపు వస్తాదని నాకూ చెప్పింది డాక్టరమ్మ. రానీ. వచ్చినా నీ చేత్తో వచ్చింది కాదు."

మామ లేచి గూట్లోంచి ఒక వెండి గిన్నె తీశాడు. మొదటివాడిది. తిరగేసి, పంచె కొసతో తుడిచి నా ముందు పెట్టాడు.

ఆ రోజు వంటింట్లోనే అన్నం వండారు. ఆవిరి ఇల్లంతా కమ్ముకుంటే పాప సుభద్ర ఒళ్లోంచి ముందుకు పడిపోతోంది. పప్పునీళ్లు, నెయ్యి వేసి మెత్తగా పిసికాను. నోటి దగ్గర పెట్టగానే పాప నా వేళ్లు రెండు చేతులతో పట్టుకుని లోపలికి లాక్కుంది. అన్నం అయిపోయినా వదల్లేదు. దాని వేళ్లు సన్నగా, చల్లగా ఉన్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను. ఇంకో ముద్ద పెట్టు అక్కా అని సుభద్ర అనేదాకా నేను అక్కడ లేను.

తర్వాత అందరం అక్కడే, తలుపులు తీసిపెట్టి, కంచాలు చప్పుడవుతుంటే తిన్నాం. పులుసులో బెల్లం ఎక్కువైందని చెప్పాను. అత్త విననట్టు ఊరుకుంది.

రాజమండ్రి

వచ్చి పదిరోజులైంది. ఈ రాత సగంలో ఉండగా ఫోను మోగింది. సుభద్ర.

"అక్కా, పుల్లమ్మకు నిన్న చేతులు వాచినాయి."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గాజు కింద వంగిన కొడవళ్లు కళ్లముందుకొచ్చాయి. ఆ సన్నటి వేళ్లలో ఇప్పుడవే. "మీ అత్తేమంది?" అని మాత్రం అడగగలిగాను.

అవతల ఫోను చేతులు మారింది.

"అమ్మణ్ణీ, నేనే ముందు చూసింది" అంది కమలమ్మత్త. "వెంటనే ఆస్పత్రికి ఎత్తుకొనిపోతిమి. ఎక్స్‌రే తీసి, నొప్పికి మందిచ్చి పంపినారు. నీళ్లు బాగా తాపుతా ఉండాను. పొద్దున సాయంత్రము కడుపు నేనే తడిమి చూస్తా ఉండాను, గట్టిగా ఏమీ లేదు. జ్వరము గూడ లేదు."

లైను కట్టయిందనుకుందో ఏమో, గట్టిగా అంది.

"వింటా ఉండావా? అన్నము పెడితే నేను పెట్టినా, వాళ్లమ్మ పెట్టినా నాలుగు ముద్దలకే మొహము తిప్పుకొంటాది. నీ చెయ్యి మరిగింది బిడ్డ. మీ బడికి మళ్లీ సెలవులెప్పుడు?"

ఫోను పెట్టేసి కేలెండరు దగ్గరికి వెళ్లాను.